రోడ్డుకు ఇటువైపు హోటల్

సిరిసిల్లలో మా అమ్మ టిఫిన్ సెంటర్ పెట్టేనాటికి నేను కోరుట్లలో టీచరును. "గీ వయసుల నీకెందుకమ్మా గీ తిప్పలు?" అన్నాను. "మందికి నాట్లేసి నాట్లేసి నడుం వంగింది బిడ్డా. ఇప్పుడన్న నిలబడి పనిజేస్త" అంది. అమ్మతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు. ఆదివారం వచ్చిందంటే సర్వర్‌ని నేనే.

సాంచాల మీద బట్ట నేసేవాళ్లు, కాలేజీ పిల్లలు, కొండగట్టుకు పోయే స్వాములు, అందరికీ అమ్మ చేసే సర్వపిండి అంటే ప్రాణం. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి ఎర్రగా కాలుస్తుంది. పొద్దున్నే బస్సెక్కి నేను వచ్చేసరికి నాకే మిగిలేది కాదు.

ఒక్క మా ఊరివాళ్లే రాలేదు. కోనరావుపేట దగ్గర మా ఊరు. మందులకో, బట్టలకో, ఆఫీసు పనికో రోజూ ఎవరో ఒకరు సిరిసిల్లలో దిగుతారు. అమ్మను చూసి చెయ్యి ఊపుతారు, మంచీ చెడ్డా అడుగుతారు, ఎదుటి హోటల్లోకి పోయి ఇడ్లీ తింటారు. ఎందుకో అడగనక్కర్లేదు. మాది ఊరి చివరి వాడ.

నాకు ఒళ్లు మండేది. ఊరికి సిమెంటు రోడ్డొచ్చింది, ఇంటింటికీ నల్లా వచ్చింది, ముసలీముతకల చేతుల్లో కూడా సెల్లుంది. స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్లయ్యాక బస్సెక్కి సిరిసిల్ల దాకా రాగలిగిన ఊరు, ఆ ఒక్క రోడ్డు దాటి మా హోటల్లోకి రాలేకపోయింది.

"రాకుంటే రాకపాయె. వాళ్లు లేకుంటె మన హోటల్ నడువదా?" అనేదాన్ని.

"నడుస్తది. కానీ ఊరోళ్లు తినకపోతే నేను వండినట్టే అనిపిస్తలేదు బిడ్డా" అనేది అమ్మ. బస్సు ఆగినప్పుడల్లా అట్లకాడ పట్టుకునే తొంగిచూసేది.

ఒక ఆదివారం మా ఊరి పటేలు దిగాడు. అమ్మ ఏళ్లతరబడి నాట్లేసింది, కలుపు తీసింది ఆయన పొలంలోనే. ఎదుటి హోటల్ తెరిచే ఉంది. నేను ముందు చూసుకున్నది అదే. ఆయన నేరుగా వచ్చి మా బల్ల ముందు కూర్చున్నాడు.

"ఏమున్నది చెల్లె?" అన్నాడు. ఆయన నోట 'ఒసేయ్' తప్ప 'చెల్లె' వినడం నాకు అదే మొదలు.

ఆ గాబరాలో అమ్మ ఒక సర్వపిండి మాడబెట్టి ఇంకోటి వేసింది. ఆయన ముక్క మిగల్చకుండా తిన్నాడు. తిని, ప్లేటు పట్టుకుని లేచి నల్లా దగ్గరికి నడిచాడు.

పటేలు ఇంట్లో కూలీలకు అన్నం పెడితే, మావాళ్లు తిన్న కంచం తామే కడిగి, దొడ్డిగోడ పక్కన బోర్లించి రావాలి. ఇంట్లో గిన్నెలతో అది కలవకూడదు. అమ్మ పెళ్లయి వచ్చిన నాటి నుంచి అలాగే బోర్లించింది.

"ఏం జేస్తున్నవ్ పటేలా?" అంది అమ్మ.

"మా దొడ్లె నువ్వు కడిగినవ్ గద చెల్లె. గియ్యాల నన్ను కడగనియ్యి."

నాకైతే కడగనివ్వాలనే ఉంది. సబ్బు కూడా అందించేదాన్నే. అమ్మ మాత్రం పొయ్యి వదిలి వచ్చి ఆయన చేతిలోంచి ప్లేటు లాక్కుంది. కళ్ల నిండా నీళ్లు, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"గా పద్ధతి నా హోటల్ల లేదు పటేలా. ఇక్కడ ఎవ్వలైనా సరే, చెయ్యి కడుక్కుంటె చాలు."