మైనస్ ఒకటి

మొన్న మా మనవరాలు, ఇంటర్ లెక్కల క్లాసులో లెక్చరర్ చేసిన తప్పు తానే దిద్దానని, ఆయన నవ్వి థాంక్సమ్మా అన్నాడని మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా చెబితే, సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. ఆ మంట మన తరం వాళ్ళకి చెబితేనే అర్థమవుతుంది.

నేను శ్రీకాకుళంలో ఇంటర్ చదివే రోజుల్లో, సముద్రపొడ్డున ఉన్న మా ఊరి నుంచి లెక్కల గ్రూపులో చేరిన మొదటి ఆడపిల్లని నేనే; నాన్న వేటకి వెళ్ళేవాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని టౌనంతా తిరుగుతూ, తన కూతురు ఇంజనీరవుతుందని కొన్నవాళ్ళకీ కొననివాళ్ళకీ చెప్పుకునేది. ఒకనాడు అవధుల పాఠంలో మేస్టారు, పైన ఎక్స్ వర్గం ప్లస్ ఒకటికి వర్గమూలం, కింద ఎక్స్ వేసి, ఎక్స్ మైనస్ అనంతానికి పోతే విలువెంతని అడిగి, కుర్రకారంతా చేసే పొరపాటే తానూ చేసి, వర్గమూలంలోంచి ఎక్స్‌ని ఉన్నదున్నట్టు బయటికి లాగి, కింది ఎక్స్‌తో కొట్టేసి, ఒకటి అన్నారు. పైనున్న వర్గమూలం ఎప్పుడూ ప్లస్సే, కింద ఎక్స్ మైనస్, కాబట్టి మైనస్ ఒకటి రావాలి కదండీ అన్నాను నేను, నోరు మూసుకోవాలని అప్పటికింకా ఎవరూ నేర్పక.

"సేపల గంప దించీసి అనంతాన్ని కొలవడానికొచ్చీసినావేటే?" అన్నారాయన. క్లాసంతా విరగబడి నవ్వింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ సాయంత్రం తన గుమ్మంలోకి గంపతో వచ్చిన అమ్మని కూర్చోబెట్టి, నీ కూతురికి లెక్కలెక్కవు, ఇప్పుడే మాన్పించెయ్యమని హితబోధ కూడా చేశారు.

నేను ఏడుస్తూ, ఇంటి అరుగు మీద బొగ్గుతో లెక్కంతా వేసి చూపించాను.

"మేస్టరుకన్నా నీకెక్కువ తెల్సేటే? ఒక్క అడ్డగీతకి ఇంత గోలేటి?" అంది అమ్మ.

మర్నాటి నుంచి నన్ను కాలేజీకి పంపలేదు. వారం తిరక్కుండా ఆయన అదే లెక్కని మళ్ళీ బోర్డు మీద వేసి, నా పేరెత్తకుండా, మైనస్ ఒకటి అని చేసి చూపించారట. నా పక్కన కూర్చునే పిల్ల పనిగట్టుకుని వచ్చి ఆ సంగతి చెప్పేసరికి, అమ్మ నా కోసం వేరే గంప కొనేసింది.

ఇప్పుడు ప్రశ్నించే పిల్లని మెచ్చుకుంటున్నారు, మంచిదే. ఆ రోజుల్లో గురుభక్తి ఎంతుండేదో అని నా ఈడు వాళ్ళు నిట్టూరుస్తుంటారు. గురుభక్తికి మా ఇంట్లో లోటేమీ లేదు. పిల్ల బతుకు పాడవకుండా ముందే నిజం చెప్పిన మహానుభావుడని, ఆయన బతికున్నన్నాళ్ళూ అమ్మ మంచి కోనాం చేప దొరికితే చాలు, ముందు ఆయనింటికే పంపేది. కడిగి, ముక్కలు కోసి, ఆ గుమ్మం దాకా మోసుకెళ్ళి ఇచ్చింది నేనే.