వజ్రం కోసే కొడుకు

మా అమ్మ ఏం చేస్తుందని కడపలో ఎవరైనా అడిగితే "ఊళ్లో ఉంటుంది" అని మాట దాటేస్తాను. తొలకరి పడ్డాక మాత్రం ఆమె ఊళ్లో ఉండదు. పత్తికొండ పక్క ఎర్రచేలల్లో, వందలమంది మధ్య, నడుం వంచి వజ్రాలు వెతుకుతూ ఉంటుంది.

మా వైపు వాళ్లకు ఇది కొత్తేమీ కాదు. వాన కడిగిన నేల మీద ఎండ పడితే ఎక్కడో ఒక రాయి మెరుస్తుంది, అది వజ్రమే కావచ్చని ఆశ. అమ్మకు పెళ్లికి ముందు నుంచే ఈ పిచ్చి. ఇంతవరకూ ఒక్కటీ దొరికింది లేదు. "నేను పంపేది చాలడం లేదా?" అని ఒకసారి గట్టిగానే అరిచాను. "చాలక కాదు నాయనా, వాన పడితే నా కాళ్లు ఇంట్లో నిలవవు" అంది. పోతే పో గానీ ఫలానావాడు నా కొడుకని అక్కడ ఎవరితోనూ అనవద్దు అన్నాను. సరేనంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు.

నా ఇబ్బంది ఏమిటంటే, నేను చేసేదీ వజ్రాల పనే. కోత పనిముట్లు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో లేజర్ యంత్రం నడుపుతాను. మా వజ్రం మెరవదు. వజ్రపు పొడిని విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో ముద్ద చేసి తీసిన నల్లటి బిళ్ల అది. దాన్ని చిన్న ముక్కలుగా కోసి, ఉక్కు కాడ చివర అతికించి, అంచు తీరిస్తే కార్ల విడిభాగాలు చెక్కే పనిముట్టు అవుతుంది. ఇదివరకు ఆ అంచును సాన చక్రం మీద తీర్చేవాళ్లం. ముక్క కంటే చక్రమే ముందు అరిగిపోయేది. ఇప్పుడు మూసిన పెట్టెలో, కంటికి కనబడని వెలుతురు ఒక్కో పొరనూ కాల్చి తీసేస్తుంది. తెర మీద తెల్లటి చుక్క కదలడం తప్ప చూడడానికి ఏమీ ఉండదు. వేడి కాస్త ఎక్కువైతే వజ్రపు అంచు బొగ్గయిపోతుంది. అందుకని వేడి పక్కకు పాకేలోపే ఆపుతూ, వెలుతురును తునకలు తునకలుగా వదలాలి. ఆ లెక్క కుదర్చడం నా పని. కుదిరిన రోజు నా అంతటివాడు లేడనుకుంటాను.

ఒకసారి పనికిరాని ముక్కొకటి తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టాను. "ఇదా వజ్రం? పెనం కింద మసి మాదిరి ఉండాది" అని నవ్వింది. మసి పోతుందేమోనని కడిగి మరీ చూసింది.

ఈ ఏడు వానలు మొదలైనప్పుడు బెంగళూరు నుంచి ఒక కస్టమర్ వచ్చాడు. తెలుగాయనే. మా అంచులను మైక్రోస్కోపులో చూసి బాగా మెచ్చుకున్నాడు. ఆదోనిలో తన బంధువుల కార్ఖానా ఉందని, అక్కడి పనిముట్లు కూడా చూసి చెప్పమని నన్ను తన కారులో ఎక్కించుకున్నాడు. గుత్తి దాటాక, "ఇక్కడెక్కడో చేలల్లో వజ్రాలు ఏరతారట కదా, చూపించండి" అన్నాడు. బురదండీ, ఈపాటికి ఎవరూ ఉండరండీ అని నసిగాను. ఆయన వింటేగా. దారి పక్కన జనం కనబడగానే కారు ఆపించాడు.

అమ్మ రోడ్డుకు దగ్గరలోనే ఉంది. నడుం నిలబెట్టి నన్ను చూసింది, నా పక్కన తెల్ల బూట్ల మనిషిని చూసింది. మళ్లీ వంగి రాళ్లలో పడింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆమెకు అంతా అర్థమైంది.

దగ్గరగా ఉన్నది ఆమే కాబట్టి ఆయన నేరుగా ఆమె దగ్గరికే వెళ్లాడు. "ఏమైనా దొరికిందా పెద్దమ్మా?" అమ్మ కొంగు ముడి విప్పి ఒక రాయి చూపించింది. "అదృష్టవంతురాలివి. వజ్రాలు కోసే సారు ఇక్కడే ఉన్నారు, ఆయనకు చూపించు" అన్నాడు. ఆమె నా ముందు అరచెయ్యి చాపింది.

"రోంత చూసి చెప్తారా సార్?"

ఇన్నేళ్లలో అమ్మ నాకు ఒక్క రాయీ చూపించలేదు. చూపిస్తే విసుక్కుంటానని ఆమెకు తెలుసు. అంచులు చూసుకునే చిన్న భూతద్దం జేబులోంచి తీసి, రాయిని తిప్పి తిప్పి చూశాను. ఉత్త పలుగురాయి. అదే చెప్పాను. "సరే సార్" అని దాన్ని మళ్లీ కొంగున కట్టుకుంది.

"పాపం, ఈ వయసులో ఈ ఎండలో! పిల్లలు పట్టించుకోరేమో" అన్నాడాయన, ఆమె ఫొటో తీస్తూ. "ఈమె మా అమ్మ అండీ" అనేశాను.

ఆయన ఇటు తిరిగేలోపే అమ్మ పకపకా నవ్వింది. "ఏం మాటలు సార్! నా కొడుకు యాడ, మీరు యాడ! నా కొడుకు ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోల్తాడు."

ఆయన కూడా నవ్వి నా భుజం తట్టాడు. "మీది పెద్ద మనసండీ" అన్నాడు. మళ్లీ ఒక్కసారి చెప్పి ఉంటే నమ్మేవాడే. నేను చెప్పలేదు. నిజం చెప్పాలంటే, ఆమె కాదనగానే ముందు నాకు ఊపిరి తిరిగింది. సిగ్గు ఆ తర్వాత వచ్చింది. వచ్చింది ఇక పోలేదు.

సాయంత్రం ఆదోని నుంచి తిరిగి వస్తుంటే బస్సులో అమ్మ ఫోన్ చేసింది. గొంతు హుషారుగా ఉంది.

"నేను బాగానే చెప్పినానా? ఆ సారు నమ్మినాడా?"

"నమ్మినాడుమా."

"అంతే చాలు. నువ్వు అట్ల అనేసరికి నాకు గుండె ఆగినంత పనాయ. నీ పనికి ఏమన్నా అడ్డమొస్తుందేమో అనుకుంటి."

నేనే ఉన్నమాట చెప్పేశాక తనెందుకు కాదందని అడిగే ధైర్యం లేకపోయింది. దాని బదులు, ఎర్రగుంట్ల లారీ మాట ఎందుకు చెప్పావని అడిగాను.

ఆమె గొంతులో నిష్ఠూరం ఏ కోశానా లేదు.

"ఏమో నాయనా, నోటికొచ్చింది. లారీ తోలే కొడుకైతే నన్ను ఈడ చూసి సిగ్గుపడడు కదా."