మళ్లీ గీసిన పద్దెనిమిదో సంచిక

నవంబరు తొమ్మిది, ఆదివారం. పొద్దున ఆరున్నరకు ఫోన్ చూస్తే మా గ్రూపులో చాచా నంబరు నుంచి ఒక మెసేజ్ వచ్చి ఉంది. ఏడు నెలల తర్వాత ఆ నంబరు నుంచి వచ్చిన మొదటి మెసేజ్ అది. రాత కాదు, వాయిస్ మెసేజ్. వినేదాకా నా వేళ్లు ఆగలేదు. "ఆఖరికి వచ్చిందా చాచా, కొత్త సంచిక!" అని రాసి పక్కన చప్పట్ల బొమ్మలు పెట్టాను. నన్ను చూసి మరో నలుగురు పెట్టారు. అప్పుడు విన్నాను. అది చాచా గొంతు కాదు, నేను అక్కా అని పిలిచే ఆయన కూతురిది.

"అబ్బా తెల్లారుజామున పోయిండు. పగటి నమాజ్ అయినంక మట్టి. వచ్చేటోళ్లు రాండ్రి."

నా మెసేజ్‌ను వెంటనే తీసేశాను. కానీ చాచా ఫోన్ ఆ సమయంలో ఎవరి చేతిలో ఉందో నాకు తెలుసు. ఆ చప్పట్లు అక్క చూసే ఉంటుంది.

చాచా మాకు చుట్టం కాదు. గద్వాలలో మా సందు మొదట్లో బోర్డులు రాసే షాపు ఆయనది. మీలో చాలామంది ఆయన పేరు విని ఉండరు. అయినా ఆయన అక్షరాలు చదివే ఉంటారు. కిరాణా కొట్టు బోర్డు మీద, ట్రాక్టర్ ట్రాలీ వెనుక, బడి గోడ మీద గుండ్రంగా, నిదానంగా, ఎక్కడా రంగు కారకుండా ఉన్న తెలుగు అక్షరాలు కనిపిస్తే అవి ఆయనవే అయి ఉండవచ్చు. ముందు అక్షరాలన్నీ తలకట్టు లేకుండా రాసుకుంటూ పోయి, చివర్లో అన్నిటికీ ఒకేసారి తలకట్లు పెట్టేవారు. "అట్ల పెడ్తె అన్నీ ఒక్క ఇంటి పిల్లల లెక్క కనపడ్తయి బిడ్డా" అనేవారు.

బోర్డుల మధ్య ఖాళీలో ఆయన బొమ్మల కథ గీసేవారు. దాని పేరు 'నడిగడ్డ నరసమ్మ'. అరవై ఏళ్ల నరసమ్మ కృష్ణా నది మీద పుట్టి నడుపుతుంది. ఆ గుండ్రటి చిన్న పడవలోకి మేకలు ఎక్కుతాయి, పెళ్లికొడుకులు ఎక్కుతారు, ఒకసారి ఓట్ల పెట్టె కూడా ఎక్కింది. ఒడ్డు చేరేలోపు ఏదో ఒక చిక్కు వస్తుంది, నరసమ్మ నోటితో అది తీరుతుంది. పదహారు పేజీలు, జిరాక్స్ కాగితాలు, మధ్యలో రెండు పిన్నులు. నెల మొదట్లో ఒక కట్ట వనపర్తికి, ఒక కట్ట నాగర్‌కర్నూలుకు బస్సులో వెళ్లేవి. వనపర్తి హాస్టల్లో చేరాక నేను, నా స్నేహితులు బస్టాండుకు వెళ్లి తెచ్చుకునేవాళ్లం. చదివినవాళ్లందరం కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నాం. దాన్ని నడిపేది నేనే.

ఆలస్యం మొదటి నుంచీ ఉంది. మొదట వారం, తర్వాత నెల, తర్వాత రెండు నెలలు. గద్వాల బస్సు ఆగగానే మేం పరుగెత్తేవాళ్లం. కండక్టర్ మెట్ల మీద నుంచే చెయ్యి ఊపేవాడు. "మీ ముసలామె ఇయ్యాల గూడ బస్సెక్కలే. పోండ్రి, పోయి చదువుకోండ్రి."

నేను ఇంటికి వెళ్లినప్పుడల్లా షాపుకు వెళ్లి అడిగేదాన్ని. "ఏమైంది చాచా?"

"బొమ్మలైనయి బిడ్డా. నరసమ్మ ఇంకా మాట్లాడతలేదు."

మేం దాన్ని పెద్ద సాకు అనుకుని నవ్వుకునేవాళ్లం. అది సాకు కాదని చెప్పడానికి మీకు ఆయన పని తీరు చెప్పాలి. ఆయన ముందు బొమ్మలన్నీ గీసేవారు. మాటల బుడగలు ఖాళీగా వదిలేసేవారు. ఆ పేజీలను షాపులో తీగకు క్లిప్పులతో వేలాడదీసి, బోర్డు రాయించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషినీ అడిగేవారు: "జర చూడు, ఈమె ఏమంటది?"

ఒకరోజు నేనక్కడే ఉన్నాను. పేజీలో పెళ్లికొడుకు పుట్టి అంచు పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు. నరసమ్మ తెడ్డు ఆపి పెద్దగా నోరు తెరిచింది. మల్దకల్ నుంచి ట్రాలీ మీద పేరు రాయించుకోవడానికి వచ్చినాయన చూసి, "ఏమంటది? కిరాయి ముందియ్యమంటది" అన్నాడు.

"గంత చిన్న మాటకు గింత నోరు తెరుస్తదా? చూడు, నోరెంత గీసిననో."

"అయితే తిడ్తది."

"తిడితే కండ్లు గిట్ల నవ్వుతయా?"

"నువ్వే గీస్తివి, నువ్వే రాసుకోరాదు? మమ్మల్ని పరేషాన్ చేస్తవేంది?"

అప్పుడే కూరగాయల గంప దించుకుని నీడకు నిలబడ్డ ఒక అవ్వ బొమ్మ దగ్గరికి వచ్చింది. కాసేపు చూసింది. "పెండ్లికొడుకా, గట్టిగ కూసో. నీళ్లను చూసే గిట్ల వణుకుతవు, రేపు నా మనవరాలిని చూస్తే ఏం గావాలె?" అంది. షాపులో అందరూ పడీపడీ నవ్వారు. చాచా నవ్వలేదు. చెవి మీద పెన్సిల్ తీసి గబగబా రాసుకున్నారు. ఆ సంచిక వచ్చాక అవ్వను పిలిచి ఒక పుస్తకం చేతిలో పెట్టి, ఆమె వేలు పట్టుకుని ఆ బుడగ మీద ఆనించారు. "గిది నా మాటేనా?" అని ఆమె మూడుసార్లు అడిగింది. ఆమెకు చదవడం రాదు.

అంత చూసి కూడా నేను తొందరపడ్డాను. అదే నా బాధ.

పదిహేడో సంచిక చివరి బొమ్మలో నరసమ్మ చెల్లెలు రేవులోకి వచ్చి పుట్టి ఎక్కింది. అక్కాచెల్లెళ్లకు ముప్పై ఏళ్లుగా మాటల్లేవు. నరసమ్మ తెడ్డు పట్టుకుని చూస్తోంది. అక్కడ ఆపేశారు చాచా. పద్దెనిమిది కోసం మేం ఒక నెల చూశాం, రెండు చూశాం, ఐదు చూశాం. గ్రూపంతా వెక్కిరింతలే. "నరసమ్మ పుట్టికి చిల్లు పడ్డట్టుంది." "చెల్లెలు కూసోని కూసోని ముసలిదైంది." నాగర్‌కర్నూలు నుంచి మహేశ్ రోజూ నన్ను పొడిచేవాడు. "నువ్వు వాళ్ల సందులనే ఉంటవు గద, గట్టిగ అడుగరాదు?"

నేను అడగలేదు, ఉత్తరం రాశాను. ఆ ఏడాదే నాకు మాటల మీద ప్రేమ పుట్టింది. లైబ్రరీ పుస్తకాల్లో నచ్చిన వాక్యాలను నోట్‌బుక్కులో ఎక్కించుకునేదాన్ని, నేనూ అలాంటివి రాయాలని తహతహలాడేదాన్ని. చాచా మీద కోపం నాకు మంచి అవకాశంలా దొరికింది. మూడు రోజులు దిద్ది దిద్ది రాశాను. "మీ కుంచె కన్నా ముందు మా ఓపిక ఎండిపోయేలా ఉంది" అనేది అందులో నాకు బాగా నచ్చిన వాక్యం. "చేతకాకపోతే చెప్పండి, ఎదురుచూడటం మానేస్తాం" అని ముగించాను. గ్రూపులో పెట్టగానే అందరూ మెచ్చుకున్నారు. మహేశ్ నా వాక్యాన్ని స్టేటస్ పెట్టుకున్నాడు. ఆ రోజంతా నేను నేల మీద లేను.

సాయంత్రం చాచా జవాబిచ్చారు. "మంచిగ రాసినవ్ బిడ్డా. పది రోజులల్ల ఇస్త."

సరిగ్గా పది రోజులకు పద్దెనిమిదో సంచిక బస్సు దిగింది. బస్టాండులో నిలబడే చదివాం. గీతలు వంకరగా ఉన్నాయి. చెల్లెలి ముఖం ఒక్కో పేజీలో ఒక్కోలా ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత నరసమ్మ నోరు తెరిచి, కుటుంబంలో ఐకమత్యం ఎంత అవసరమో గోడ మీది నినాదంలా చెప్పింది. మహేశ్ గ్రూపులో రాశాడు: "గిదేంది, నరసమ్మ మీటింగుల మైకు పట్టుకున్నట్టు మాట్లాడుతుంది?" నేను నవ్వే బొమ్మ పెట్టాను. చాచా ఆ గ్రూపులోనే ఉన్నారన్న సంగతి తెలిసే పెట్టాను.

ఆ తర్వాత ఆయన ఏమీ రాయలేదు. దసరా సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు షాపు ముందు నుంచి రెండుసార్లు నడిచాను. ఒకసారి ఆయన చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నారు. వాన పడుతోంది కదా, చలి కాబోలు అనుకున్నాను. లోపలికి వెళ్లలేదు. సిగ్గు ఒక కారణం. కొత్త సంచిక గురించి నేనడిగితే ఆయన ఏమంటారో అన్న భయం ఇంకో కారణం. మాటలంటే ప్రేమ అని చెప్పుకునే నాకు "తప్పయింది చాచా" అనే రెండు మాటలు రాలేదు.

మట్టి రోజున ఆడవాళ్ల మధ్య కూర్చున్న అక్క నన్ను చూసి పక్కన చోటిచ్చింది. చప్పట్ల మాట ఎత్తలేదు. మూడు వారాల తర్వాత ఫోన్ చేసి షాపుకు రమ్మంది. అక్కడ నాకు తెలియనివన్నీ చెప్పింది. రెండేళ్లుగా చాచా కుడి చెయ్యి వణుకుతుండేదట. దవాఖానలో మందులిచ్చారు గానీ ఆగలేదు. ఒక్కో పేజీ నాలుగైదుసార్లు గీసేవారట, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని.

"మరి ఆ పది రోజులల్ల ఎట్ల గీసిండక్కా?"

"షట్టర్ సగం దించుకోని గీసిండు. ఎవ్వరినీ అడగలే. అడగనీకి టైమ్ లేదు, పిల్లలు ఎదురుచూస్తున్రు అన్నడు."

ఇక అడగక తప్పలేదు. "నా ఉత్తరం చదివి కోపం రాలేదా?"

"కోపమా? నాతోని రెండుసార్లు చదివించుకున్నడు. ఈ పిల్ల మాటలను ఒకదాని పక్కన ఒకటి మంచిగ నిలవెట్టింది, కానీ తొందరల ఉన్నది అన్నడు. తొందరల రాసిన అక్షరం గోడ మీద పదేండ్లు సిగ్గుపడ్తదని నాకు గూడ చెప్పెటోడు గద."

అక్క ఒక అట్ట ఫైలు తీసి నా ఒడిలో పెట్టింది. పైన ఆయన చేతిరాతతో '18, మళ్లీ' అని ఉంది. మేం ఏడు నెలలుగా పంతొమ్మిది కోసం గొణుక్కుంటుంటే ఆయన పద్దెనిమిదినే మొదటి నుంచి గీస్తున్నారు. పదహారు పేజీలూ పూర్తయ్యాయి. బుడగలన్నీ ఖాళీ.

పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూశాను. ఆయన తన చేతి వణుకునంతా నీళ్లలోకి పంపించారు. అలలన్నీ ఆ వణుకుతోనే గీసినవి. నేను చూసిన నదుల బొమ్మల్లో అంత బతికి ఉన్న నీళ్లు లేవు. పుట్టి గీత మాత్రం నిశ్చలంగా ఉంది. దానికెన్ని కాగితాలు పోయాయో అక్కకే తెలుసు.

"మాటలు నువ్వు రాయి" అంది అక్క. "ఇంకెవరికీ ఇయ్యబుద్ధి కాలే."

గ్రూపులో చెప్పగానే అందరూ ఉత్సాహపడ్డారు. నలభయ్యో రోజున చేసే ఫాతెహా ప్రార్థన నాటికి పుస్తకం తెస్తే చాచాకు అంతకన్నా గౌరవం లేదన్నారు. నాకూ నిజమే అనిపించింది. రెండు రోజులు కూర్చుని దాదాపు బుడగలన్నీ పెన్సిల్‌తో నింపాను. ఎనిమిదో పేజీలో ఒక్క బుడగ దగ్గర మాత్రం ఆగిపోయాను. నరసమ్మ చెల్లెలితో మొదటి మాట అనేది ఆ పేజీలోనే. దానికి నేను మంచి వాక్యం సిద్ధం చేసుకున్నాను. ముప్పై ఏళ్లు, ఒకే నది, రెండు ఒడ్లు, అన్నీ ఉన్నాయందులో. అది బుడగలో పట్టలేదు. అక్షరాలు చిన్నవి చేశాను. అయినా పట్టలేదు. అప్పుడు చూశాను, ఆ బుడగ బొటనవేలి గోరంత ఉంది. రెండు మాటలకు మించి చోటు లేదు. చాచాకు ఆ మాట ఏదో తెలియదు గానీ ఎంతుండాలో తెలుసు. నేను ఆయన వదిలిన చోటును చూడకుండా నా వాక్యాన్ని చూసుకుంటున్నాను.

మిగతా పేజీలూ మళ్లీ చదివాను. అన్ని బుడగల్లోనూ మాట్లాడుతున్నది నేనే. రబ్బరు తీసుకుని అన్నీ చెరిపేశాను. గ్రూపులో రాశాను: "నలభయ్యో రోజుకు రాదు. ఎప్పుడొస్తుందో ఇప్పుడే చెప్పలేను."

మహేశ్ వెంటనే ఫోన్ చేశాడు. "గిట్ల చేస్తవేంది? అందరికీ చెప్పుకున్నం గద! ఏదో ఒకటి రాయరాదు, ఎవరు చూస్తరు?"

"ఏదో ఒకటి ఒకసారి రాయించినం మహేశ్."

వాడు "సరే, గానీ జల్ది చూడు" అన్నాడు. కోపం తగ్గలేదు. గ్రూపులో ఇద్దరు ముగ్గురు వెళ్లిపోయారు కూడా. వాళ్లను తప్పుపట్టలేను, ఎదురుచూడటం ఎంత కష్టమో నాకు తెలుసు.

అమరచింత వైపు నది ఒడ్డున ఇప్పటికీ పుట్టి నడిపే ఒకామె ఉందని నిన్న అక్క చెప్పింది. చాచా ఆమె దగ్గరికి వెళ్లాలనుకుంటూనే వెళ్లలేకపోయారట. రేపు పొద్దున ఆరు గంటలకు వనపర్తి బస్టాండులో ఆత్మకూరు బస్సెక్కుతాను, అక్కడ దిగి అమరచింత ఆటో పట్టుకుంటాను. ఆమెకు చూపించి అడగడానికి ఎనిమిదో పేజీని తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాను. పొద్దున వలలు తీసే పని ఉంటుందట, ఆమె తీరికగా ఒడ్డుకు ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. అందుకే పొద్దటికే కాదు, పగటికి, సాయంత్రానికి కూడా రొట్టెలు కట్టుకుని పోతున్నాను.