విశ్రాంతమ్మ సంచిలో కేబుల్

చర్లలో పోలీసు క్యాంపు దాటి నాలుగిళ్లు పోతే కుడిచేతి పక్కన రెండు గదుల పెంకుటిల్లు ఉండేది. అడవి పల్లెల జనానికి దరఖాస్తులు రాసిపెట్టే చిన్న సంస్థ ఒకటి అందులో నడిచేది. విశ్రాంతమ్మ అక్కడ టైపిస్టు. బూర్గంపాడులో పుట్టింది. గోదావరి దాటి భద్రాచలం వెళ్లి టైపు నేర్చుకుంది. ఇంగ్లీషు హయ్యరు, తెలుగు లోయరు పాసైంది. మిషను దవాఖానాలో కాంపౌండరుగా ఉన్న బెన్నీని పెళ్లి చేసుకుని చర్ల చేరింది. 2008 నాటికి ఆమెకు నలభై రెండేళ్లు. ఆఫీసులో పన్నెండేళ్లు.

రేషను కార్డు రాకున్నా, పింఛను ఆగినా, ఊళ్లో బోరింగు చెడినా జనం నడిచొచ్చి ఆమె బల్ల ముందే కూర్చునేవాళ్లు. అందరికీ ఆమె ‘టైపక్క’. టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చినా ఆ పేరు మారలేదు. ఎండాకాలం వస్తే ఎవరో ఒకరు సీసాలో తేనె తెచ్చి బల్ల కింద పెట్టి, చెప్పకుండానే వెళ్లిపోయేవాళ్లు. ఆ సీసా ఎవరిదో, ఈమధ్య ఎవరి దరఖాస్తు ఫలించిందో దాన్ని బట్టి ఆమెకు తెలిసేది.

ఆ ఏడు అడవి కొట్టి సాగు చేసుకున్న పోడు భూములకు హక్కు పత్రాలు ఇస్తామని సర్కారు చెప్పింది. మనిషికో దరఖాస్తు, మనిషికో వాంగ్మూలం కావాలి. ఈ పొలాన్ని వీళ్లే ఎన్నో ఏళ్లుగా సాగు చేస్తున్నారని ఊరి పెద్దలు చెప్పే మాటను, నాలుగు దిక్కుల హద్దులతో సహా, కాగితం మీద పెట్టాలి. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదని కార్యదర్శి చెంచురామయ్య రెండో కంప్యూటరు తెప్పించి యశోదను పనిలోకి తీసుకున్నాడు. యశోదకు ఇరవై రెండేళ్లు. వాగవతలి కోయ పల్లె పిల్ల. భద్రాచలంలో డిగ్రీ చదివి, కంప్యూటరు కోర్సు చేసింది.

కంప్యూటర్లు రెండైనా ప్రింటరు ఒక్కటే. ఖమ్మం నుంచి వచ్చిన మెకానిక్ సతీష్ దాన్ని విశ్రాంతమ్మ కంప్యూటరుకు తగిలించి, అక్కడి నుంచి నీలం వైరు ఒకటి గోడ వెంబడి యశోద బల్ల దాకా లాగాడు.

“మేడం, ఆ సిస్టంల నుంచి కొట్టినా మీ పక్కనే వస్తది,” అన్నాడు. “కానీ మీది ఆన్‌ల ఉండాలె. మీది బంద్ చేస్తే ఆ అమ్మాయికి ప్రింటు రాదు.”

ఆ మాట విశ్రాంతమ్మకు బాగా నచ్చింది. పొద్దున ఆమె వచ్చేదాకా యశోద చేతులు ముడుచుకుని కూర్చోవలసిందే. “అక్కా, మీ సిస్టం ఆన్ చేస్తరా?” అని అడగాల్సిందే. మొదటి వారం ఆ అడగడంలో ఆమెకు ఎంతో తృప్తి దొరికింది.

తర్వాత కష్టం మొదలైంది. యశోద కొట్టిన ప్రతి కాగితమూ విశ్రాంతమ్మ మోచేతి పక్కనే బయటికి వచ్చేది. చూడకూడదనుకుంటూనే చూసేది. తప్పు దొరుకుతుందేమోనని ఒత్తులూ దీర్ఘాలూ వెతికేది. దొరికేవి కావు. తాను ఒకటి పూర్తిచేసేలోపు యశోదవి మూడు వచ్చేవి. ఒకరోజు చెంచురామయ్య ప్రింటరు దగ్గర నిలబడి వాటిని తిరగేస్తూ, “మస్తు నీటుగ ఉన్నయ్ యశోదా,” అన్నాడు. పన్నెండేళ్లలో తన కాగితాన్ని ఆయన అట్లా మెచ్చుకున్నాడా అని విశ్రాంతమ్మ ఇంటికి నడిచినంతసేపూ గుర్తు చేసుకోవాలని చూసింది. గుర్తుకు రాలేదు.

అంతకన్నా ఎక్కువ నొప్పి పెట్టింది జనం. వచ్చినవాళ్లు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, విశ్రాంతమ్మకు దండం పెట్టి, యశోద బల్ల దగ్గరికి పోయేవాళ్లు. అక్కడ కోయ భాషలో మాటలు, నవ్వులు. తన ముందు కూర్చున్నప్పుడు ఇవే మనుషులు వచ్చీరాని తెలుగులో నాలుగు ముక్కలు చెప్పి తల దించుకునేవాళ్లు. వీళ్లకు ఇన్ని మాటలు ఉన్నాయని ఆమెకు పన్నెండేళ్లుగా తెలియదు. ఆ ఎండాకాలం తేనె సీసా యశోద బల్ల కింద కనబడింది. యశోద సగం తేనె వేరే సీసాలో పోసి తెచ్చిస్తే, “మా ఇంట్ల ఉన్నదిలే,” అంది విశ్రాంతమ్మ. ఇంట్లో లేదు.

ఒక మధ్యాహ్నం కాగితం ఇరుక్కుంటే తెర మీద వరుసలో ఉన్న ప్రింట్లు చూస్తూ ‘పాజ్’ అన్న మాటను నొక్కింది. ప్రింటరు ఆగింది. అవతల యశోద లేచింది, ప్రింటరును చూసింది, మళ్లీ వెళ్లి కూర్చుంది. విశ్రాంతమ్మ తన పని ముగించుకుని, చాయ్ తాగొచ్చి, అప్పుడు వదిలింది. అప్పటి నుంచి అది అలవాటైంది. పది నిమిషాలు, అరగంట. “ఈ ప్రింటరుకు ఏందో అయితాంది,” అని తనే అనేది. యశోద “అవ్ అక్కా,” అనేది.

జూన్‌లో ఒక గురువారం అడవి లోపలి పల్లె ఒకదాంట్లో గ్రామసభ పెట్టారు. ఆ ఊరివి ఇరవై మూడు వాంగ్మూలాలు బుధవారమే తీసి సంతకాలు, వేలిముద్రలు వేయించాలి. అన్నీ యశోద టైపు చేసినవే. బుధవారం పొద్దున ఆ ఊరి జనం నడిచొచ్చి వరండాలో కూర్చున్నారు. ఒక్కరు కూడా విశ్రాంతమ్మ బల్ల వైపు తిరిగి చూడలేదు. చెంచురామయ్య భద్రాచలం మీటింగుకు పోతూ, “యశోద ఉందిగా, నాకు ఫికర్ లేదు,” అన్నాడు.

పన్నెండు కావస్తున్నా యశోద జనానికి చదివి వినిపిస్తూ దిద్దుతూనే ఉంది, ప్రింటు ఒక్కటీ తీయలేదు. బుధవారాలు పన్నెండింటికి చర్చిలో స్త్రీల కూడిక. విశ్రాంతమ్మ లేచి కంప్యూటరు బంద్ చేసింది. తలుపు దగ్గరికి పోయింది. వెనక్కి వచ్చింది. ప్రింటరు వెనక కేబుల్ పీకి, చుట్ట చుట్టి, చేతిసంచిలో బైబిలు పక్కన పెట్టుకుంది.

కూడికలో పాడింది, మోకాళ్ల మీద ప్రార్థన చేసింది. సంచి మాత్రం కింద పెట్టలేదు, ఒళ్లోనే ఉంచుకుంది.

మూడింటికి తిరిగి వచ్చేసరికి యశోద వరండాలో చాప మీద కూర్చుని తెల్ల కాగితాల మీద చేత్తో రాస్తోంది. ఒక్కొక్కటీ రాయడం, కోయలో చదివి వినిపించడం, వేలిముద్ర వేయించడం. చుట్టూ ఇరవై మంది. వేళ్లకు సిరా. ఆఖరి కాగితం నాగక్కది. అరవై దాటిన ఒంటరి ముసలామె, వాగు ఒడ్డున మూడెకరాల పోడు. అంత పనిలోనూ వాళ్లు దేనికో నవ్వుకుంటున్నారు. విశ్రాంతమ్మ వాళ్లను దాటుకుని లోపలికి పోయింది. కేబుల్ ఏదని ఎవరూ అడగలేదు. మర్నాడు అందరికన్నా ముందు వచ్చి దాన్ని తగిలించేసింది.

నెల తర్వాత సర్వే వాళ్లు పోయి కొలిచారు. ఇరవై రెండు సరిపోయాయి. నాగక్కది ఆగింది. కాగితంలో వాగు తూర్పున ఉందని ఉంది, పొలంలో చూస్తే వాగు పడమర. హద్దులు కలవలేదని పక్కన పెట్టేశారు. కంప్యూటరులో యశోద టైపు చేసింది సరిగ్గానే ఉంది. చేత్తో రాసేటప్పుడు, చివరి కాగితం దగ్గర, తూర్పూ పడమరా తారుమారయ్యాయి.

చెంచురామయ్య మెత్తటి మనిషే, కానీ ఆ రోజు గొంతు పెంచాడు. “టైపు చేసి పెట్టుకొని చేత్తో ఎందుకు రాసినవ్? ముసలామె భూమి పోతే ఎవరిస్తరు?”

“ప్రింటరు పని చెయ్యలే సార్,” అంది యశోద.

“విశ్రాంతమ్మా, గంతేనా?”

విశ్రాంతమ్మ తల ఊపింది. అంతే చేసింది.

వారం తర్వాత నాగక్క వచ్చింది. చీకటితో బయలుదేరినట్టుంది, పిక్కల దాకా బురద. గుమ్మంలో ఆగి, యశోద బల్ల వైపు చూసి, అటు పోకుండా నేరుగా విశ్రాంతమ్మ ముందు వచ్చి కూర్చుంది. తెలిసిన తెలుగులో అంది: “టైపక్కా, నువ్వు పెద్దదానివి. నువ్వు రాయి. ఆ పిల్ల తప్పు రాసింది.”

ఇన్ని నెలలుగా విశ్రాంతమ్మ కోరుకున్నది ఇదే. ఇది వినడానికే అన్నీ చేసింది. అటు బల్ల దగ్గర యశోద తలెత్తలేదు, కీబోర్డు మీద వేళ్లు మాత్రం ఆగిపోయాయి. విశ్రాంతమ్మ తెల్లకాగితం తీసింది. పెన్ను మూత తీసింది. మళ్లీ పెట్టింది.

“ఆ పిల్లది తప్పు కాదు నాగక్కా,” అంది. “ఆ దినం నేను ప్రింటరు వైరు పీకి ఇంటికి తీస్కపోయిన. కావాలనే తీస్కపోయిన. అందుకే చేత్తో రాసింది. చేసింది నేను.”

వైరూ ప్రింటరూ నాగక్కకు అర్థం కాలేదు. యశోద వైపు తిరిగి కోయలో ఏదో అడిగింది.

యశోద లేచి వచ్చింది. విశ్రాంతమ్మ చేసిన తప్పును ఆ పిల్లే చెప్పాలి, ఆ పిల్ల భాషలోనే. యశోద నాగక్క పక్కన కింద కూర్చుని నాలుగైదు మాటల్లో చెప్పింది. నాగక్క విని, చిన్నగా తల పంకించి, బురద కాలు గోక్కుంది.

“ఏం చెప్పినవ్?” అంది విశ్రాంతమ్మ.

“మీరు చెప్పిందే అక్కా.”

నాలుగైదు మాటల్లో అంతా ఎట్లా పట్టిందో ఆమెకు తెలియదు. యశోద ఉన్నదున్నట్టు చెప్పిందో, తన కోసం మెత్తగా మార్చి చెప్పిందో, ఎన్నటికీ తెలియలేదు.

“నీకు తెలుసా? అంతకుముందు కూడా నేను...”

“తెలుసక్కా. మీరు పాజ్ పెడితే నా సిస్టంల కూడా కనబడ్తది.”

“మరి సార్‌కు చెప్పలేదేంది?”

యశోద లేచి తన కంప్యూటరులో నాగక్క కాగితం తెరిచింది. విశ్రాంతమ్మకు సిగ్గయింది. ఆ సిగ్గు అడుగునే పాత మంట కూడా లేచింది: ఓర్పులోనూ ఈ పిల్లే నెగ్గింది.

ఆ సాయంత్రమే చెంచురామయ్యకు చెప్పింది. ఆయన నాగక్క కాగితాలు తీసి ఆమె ముందు పెట్టి, “ముందు ముసలామె పని చూడుండ్రి,” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని విశ్రాంతమ్మ బెన్నీతో అంది.

మూడో రోజు విశ్రాంతమ్మ, యశోద ఇద్దరూ నాగక్క ఊరికి పోయారు. బస్సు దిగి ఆరు కిలోమీటర్లు నడక. వాగులో నడుం దాకా నీళ్లు. యశోద చెయ్యి అందిస్తే విశ్రాంతమ్మ పట్టుకుంది, పట్టుకోక తప్పలేదు. పన్నెండేళ్లు హద్దులు టైపు చేసింది కానీ ఒక్క హద్దూ కంటితో చూడలేదు. నాగక్క పొలం నాలుగు పక్కలా నడిపించింది. పడమర వాగు, తూర్పున ఇప్పచెట్లు, ఉత్తరాన గుట్ట, దక్షిణాన మరిది చేను. విశ్రాంతమ్మ నిలబడి రాసుకుంది. గ్రామసభ మళ్లీ కూర్చుని తీర్మానం చేసింది.

ఆఫీసుకొచ్చాక ప్రింటరును యశోద కంప్యూటరుకు మార్చమని ఆమే సతీష్‌కు ఫోను చేయించింది. తన కాగితాల కోసం తనే లేచి అటు బల్ల దాకా నడిచేది. మొదట్లో ఆ పది అడుగులూ బరువుగా ఉండేవి.

మరుసటి ఏడు నాగక్కకు హక్కు పత్రం వచ్చింది, మూడెకరాలకు గాను రెండున్నర. దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చింది. గుమ్మంలో ఆగకుండా యశోద దగ్గరికే పోయింది. కోయలో మాటలు, నవ్వులు. విశ్రాంతమ్మకు గుండెలో ఎక్కడో చిన్నగా కలుక్కుమంది. పని ఆపి, కుర్చీ లాక్కుని తనూ అక్కడికి పోయి కూర్చుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు.

“నాకు కూడా చెప్పు యశోదా,” అంది. “ఎందుకు నవ్వుతున్నరు?”