మావ బండి, నా వెల్డింగు

రండి, రండి, కూర్చోండి. బెంచీ ఊగదు, భయపడకండి. మొన్న దీని కాళ్ళు విరిగిపోతే నేనే వెల్డింగు చేసి పెట్టేను కదా! భయ్యా, ఇక్కడ అందరికీ చాయ్, అల్లం దండిగా వెయ్యి. ఇప్పుడు వినండి. విశ్వకర్మ పూజ నాడు మీరందరూ స్టీలు ప్లాంట్లో బూందీ పొట్లాలు పట్టుకుని తిరిగేరు గదా, ఆ టైముకి నేనేటి చేస్తన్నానో తెల్సా? బాత్రూంలో గడియ పెట్టుకుని పైడితల్లమ్మకి మొక్కుకుంటన్నాను! ఆ రోజు నుంచీ ఇవాళ్టి దాకా మా మావ నాతో ఒక్కటంటే ఒక్క మాటే మాటాడేడు. ఆ మాట చివర్న చెప్తాను. ముందే చెప్పీస్తే మీకు చాయ్ దిగదు.

మా మావంటే మా అమ్మకి తమ్ముడు, మా ఆవిడకి నాన్న. కోక్ ఓవెన్స్‌లో, అదే బొగ్గు కాల్చే బట్టీల మీద, ఛార్జ్‌మన్‌గా చేసి ఈ ఏడే రిటైరయ్యేడు. నాకు మీసం రాకముందే విజయనగరంలో రైలెక్కించి, ఇక్కడికి తెచ్చి, ఐటీఐలో వేసి వెల్డర్ని చేసింది ఆయనే. అంచేత ఆయన ముందు నేను ఇప్పటికీ కుర్చీలో కూర్చోను. ఆయన దగ్గితే లేచి నిలబడిపోతాను. పిల్లనిచ్చేక భయం తగ్గుతాదనుకున్నాను. ఏటి తగ్గుతాది, డబలైపోయింది!

అలాటి మనిషి రిటైరవగానే ఏటి కొన్నాడో చూసేరు గదా? గేర్లు లేని స్కూటరు! బటను నొక్కితే స్టార్టు. తెల్లగా కొంగలాగ ఉంటాది. మనందరివీ రేకు బళ్ళు, సొట్ట పడితే లోపల్నుంచి సుత్తితో రెండు పీకితే సరి. దానికి మాత్రం ఒళ్ళంతా ప్లాస్టిక్కే. ఆయన రోజూ పొద్దున్న దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. మా అత్త మొహం వైపు అంత సేపు ఎప్పుడూ చూళ్ళేదంట, ఆవిడే చెప్పింది.

మొన్న ఊళ్ళో పెళ్ళికని మావా, అత్తా బయల్దేరేరు. రుఆబాంధాలో వాళ్ళింటికి తాళం పెట్టీసి, బండి తెచ్చి మా క్వార్టరు వరండాలో పెట్టేరు. నన్ను పక్కకి పిలిచి మావ అన్నాడు గదా, "ఒరే, పొద్దున్నే స్టార్ట్ చేసి కాసేపుంచి ఆపీ. ఎక్కడికీ తిప్పకు. నా బండి మీద గీత పడిందో, నిన్ను ఏ రైల్లో తెచ్చేనో ఆ రైల్లోనే ఎక్కించీస్తాను."

"అలాగే మావా," అన్నాను.

అన్నాను, నిజమే. కాని రోజూ స్టార్ట్ చేసి ఆపీడం ఏటండీ? బిర్యానీ వాసన చూసి లేచిపోడం లాటిది గదా! ఆదివారం వచ్చింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అయింది నాకు. మా ఆవిడ పైడి స్నానానికెళ్ళింది. నేను కవరు తీసేను, బటను నొక్కేను, జాముల్ దాకా పోనాను. అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో నా ఐటీఐ దోస్తొకడున్నాడు. వాడికి చూపించి, "నాదే, కొత్తది" అనీసి, రెండు సమోసాలు తిని వెనక్కి తిరిగేను. అబద్ధం ఆడిన నోటితోనే సమోసా తిన్నాను, అదే నా కొంప ముంచింది అంటాది మా పైడి.

నా పాత బండికి ఎడం చేతి కింద క్లచ్చు. దీనికి అక్కడ వెనక బ్రేకు. ఈ సంగతి బుర్రకి తెల్సు, చేతికి తెలీదు గదా! మలుపులో ఎదురుగా సిమెంటు లారీ వచ్చీసరికి గేరు మారుద్దామని ఎడం చెయ్యి దానంతటదే గట్టిగా నొక్కీసింది. చక్రం బిగుసుకుపోయింది. బండి గర్రున తిరిగి, నేనొక పక్క, అదొక పక్క! కల్వర్టు రాయికి తగిలి 'ఫట్' మంది. ఆ చప్పుడు నా ఎముకదైతే బావుణ్ణు అనుకున్నాను, ఒట్టు!

సైకిలు మీద పోతన్న ముసలాయన ఆగి, "కా హోగే భయ్యా?" అన్నాడు. ఏటైందని చెప్పాల? సీటు కింద ఎడం పక్క డొప్ప ఈ చివర్నుంచి ఆ చివరకి పగిలి నోరు తెరిచీసింది. నా మోచేతిలోంచి రక్తం కారతంటే డొప్పని నిమురుతా కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి మా పైడి గుమ్మంలోనే ఉంది. ఇక్కడ పుట్టిన పిల్ల గదా, కోపమొస్తే తెలుగు సరిపోదు. "బావా! ఏ క్యా కర్ దియా? నాన్న మార్ డాలేంగే, చంపీస్తారు, తెల్సా?"

"ఊరుకోయే," అన్నాను. "వేలెడు మందం ప్లేట్లు అతికించినోణ్ణి నేను. ఈ అరటి డొప్ప ఎంత?"

నా పతనం అక్కడ మొదలైంది. స్క్రూలు విప్పి డొప్ప ఊడదీసేను. వెల్డర్ బుద్ధి ఏటి చెప్తాది? అంచులు కరిగించు, ఒకటి చేసీ. అంతే గదా! గ్యాసు పొయ్యి మీద అట్లకాడ ఎర్రగా కాల్చి పగులు మీద పెట్టేను. ప్లాస్టిక్కు జున్నులాగ కరిగింది. ఆహా అనుకున్నాను. ఇంకాస్త వేడి చూపిద్దామని డొప్పనే మంట దగ్గరికి పట్టేను. ఇనుమైతే వేడెక్కినప్పుడు రంగు మారి చెప్తాది, ఆగరా అని. ఈ ముండమోపి ప్లాస్టిక్కు ఏటీ చెప్పదే! ఉన్నట్టుండి ఒంగి, జారి, పొయ్యి మీద బొట్లుబొట్లుగా పడిపోయింది. చూస్తే అరచేయంత కన్నం! ఇల్లంతా కంపు. పక్క క్వార్టరు దీదీ కిటికీలోంచి, "క్యా జల్ రహా హై?" అని అరిచింది. నా కడుపే కాలతంది దీదీ, అని పైకి అనలేదు.

అప్పుడు భయం పట్టుకుంది. అప్పటిదాకా ఉన్నది భయం కాదు, కంగారు. భయం అంటే ఏటో ఆ కన్నంలోంచి కనబడింది నాకు. రైలూ, విజయనగరం స్టేషనూ, నన్ను చూసి మొహం తిప్పుకుంటన్న మా అమ్మ, అన్నీ కనబడ్డాయి.

కన్నానికి లోపల్నుంచి మాసిక వెయ్యాలి. తెల్ల ప్లాస్టిక్కు కావాలి. మా బాల్టీ ఎరుపు, మగ్గు నీలం. వెతగ్గా వెతగ్గా వెనక షెడ్డులో మావ గోనెసంచులు కనబడ్డాయి. ఆయన క్వార్టరు ఖాళీ చేసినప్పుడు పాత సామానంతా కట్టి మా దగ్గర పడేసేరు. అందులో గంబూట్లు, చిరిగిన గ్లవుజులు, వాటి కింద ఒక పాత హెల్మెట్టు. పైనంతా నల్లటి మసి, జిడ్డు. తిరగేసి చూస్తే లోపల తెల్లగా మెరిసిపోతంది! హెల్మెట్టు లోపలి వంపూ, కన్నం దగ్గర డొప్ప పల్లం వంపూ కొలిచి చేసినట్టు ఒకటే. దేవుడున్నాడు అనుకున్నాను. హేక్సా బ్లేడుతో వెనక ముక్క కోసీసేను. తెల్లటి వైపు బయటికీ, మసి వైపు లోపలికీ పెట్టి, జిగురుతో అతికించి, మీద పుట్టీ రాసి, పవర్‌హౌస్ బజార్లో తెల్ల ఎనామిల్ డబ్బా కొనుక్కొచ్చి బ్రష్షుతో దట్టంగా పూసేను. స్క్రూ బిగించే చెవులు కూడా విరిగిపోయేయి, వాటికీ జిగురే. ఒక్క స్క్రూ మాత్రం పట్టింది. పూజ అయ్యేక గాని వాళ్ళు రారు, అప్పటికి ఎండిపోతాదని నా ధీమా.

రంగు వేసిన సాయంత్రమే ఆటో వచ్చి ఆగింది. మావ! చేతిలో పెళ్ళి లడ్డూల బుట్ట, వెనక అత్త.

"ఏట్రా, అలగ కొయ్యబారిపోయేవు? విశ్వకర్మ పూజ ఏ ఏడూ తప్పలేదు, రిటైరయ్యేనని ఈ ఏడు మానీస్తానేటి?" అన్నాడు. "బండి ఎక్కడికీ తిప్పలేదు గదా?"

"లేదు మావా." ఆ ఆదివారం నుంచీ నా నోట్లోంచి వచ్చిన మాటల్లో ఇదే పెద్ద అబద్ధం. పరిగెత్తుకెళ్ళి పచ్చి రంగు మీదే కవరు కప్పీసేను.

పొద్దున్న లేచి చూస్తే కవరు నూగంతా డొప్పకి అంటుకుంది. తెల్ల కొంగకి నూగు మీసం! పైన సన్నగా ముసురు, రంగు వేలికంటుతంది. బండి నేనే కడిగీసేనని చెప్పి, ఎడం పక్క గోడకి ఆనించి పెట్టేను. వరండాలో విశ్వకర్మ పటం పెట్టేరు. నా వెల్డింగు కళ్ళద్దాలూ, సుత్తీ, పైడి కుట్టు మిషనూ పెట్టి పసుపూ కుంకాలూ రాసేరు. గట్టెక్కీసేననుకుంటన్నాను. అప్పుడు మావ అన్నాడు గదా...

"ఒరే, నా హెల్మెట్టు తే. షెడ్డులో గోనెసంచిలో, గంబూట్ల కింద ఉంటాది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి! కాళ్ళు షెడ్డు వైపు పోవాల్సింది బాత్రూంలోకి పోనాయి. గడియ పెట్టేను. అమ్మా పైడితల్లీ, ఈ ఒక్కసారికి గట్టెక్కించు, జాతరకొచ్చి తలనీలాలు ఇచ్చుకుంటాను అన్నాను. బయట మావ చెప్తన్నాడు, అత్తకి కాదు, పూజకొచ్చిన పక్క క్వార్టరు దీదీకి, హిందీలో. ఓవెన్ల మీద పని చేస్తంటే పైనుంచి ఇనప ముక్క పడిందంట. హెల్మెట్టు లేకపోతే ఆ రోజే పోయీవోడంట. ఆ మసి కూడా కడగలేదంట. ప్రతి ఏడూ ప్లాంట్లో దానికి పూజ చేసేడంట, ఇంట్లో చెయ్యడం ఇదే మొదలంట. మా అత్త ముక్కు చీదింది, వినబడింది. బండి పగలగొట్టేను సరే, ఆయన ప్రాణాన్ని కోసి పారేసేను గదరా దేవుడా!

"ఏట్రా, హెల్మెట్టు కోసం కోక్ ఓవెన్స్‌కి పోనావేటి?" అని కేక. బయటికొచ్చి, షెడ్డులోకి పోయి, కోసిన వైపు కనబడకుండా హెల్మెట్టుకి తువ్వాలు చుట్టి, దాన్ని గోడవైపు తిప్పి పటం దగ్గర పెట్టేను. పైడి ఆ తువ్వాలు వంకా, నా వంకా చూసింది. పిల్లకి అర్థమైపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కొబ్బరికాయ కొట్టేరు, హారతిచ్చేరు. మా అత్త పొడుగాటి బంతిపూల దండ బండికి చుట్టూ తిప్పి వేసింది. "పద, క్వార్టర్ల లైను చివరదాకా ఒక రౌండు వేసొస్తాను," అని మావ బండి గోడ నుంచి లాగేడు. దండ వెనక చక్రం మీద వేలాడతంది. పైకి జరపబోయేడు. దండ కదలదు! బంతిపూలన్నీ నా ఎనామిల్లో అంటుకుపోయేయి. "మావా, నేను తీస్తాను, నేను..." అనేలోగా ఆయన ఛార్జ్‌మన్ చేత్తో ఒక్క లాగు లాగేడు.

ఫట్!

దండకి లాకెట్టులాగ డొప్ప వేలాడతంది. దీదీ బూందీ నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. మావ డొప్పని తిరగేసేడు. లోపల నల్లటి మాసిక. బొటనవేలితో దాన్ని తుడిచేడు. మసి కింద ఎర్ర రంగుతో రాసిన అక్షరాలు బయటపడ్డాయి. సగం పేరు. ఆయన పేరే! మెల్లగా నడిచి పటం దగ్గరికెళ్ళేడు. తువ్వాలు తీసేడు. హెల్మెట్టు మీద మసి తుడిస్తే మిగతా సగం పేరు బయటపడింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసేడు. సరిగ్గా కుదిరిపోయింది. కోత మాత్రం బాగా కోసేనండి, అది ఒప్పుకోవాల.

మా అత్తకి నా మీద జాలేసింది. "పోన్లెండి," అంది, "ఇన్నాళ్ళూ మీ తలకాయని కాపాడింది, ఇక మీదట మీ బండిని కాపాడతాది." మావ ఆవిడ వంక చూడలేదు. నా వంక చూసేడు. తిట్టలేదు, కొట్టలేదు, కొట్టినా బావుణ్ణు! అప్పుడు, హిందీ కలిపి, ఆ ఒక్క మాట అన్నాడు.

"ఒరే, ఇన్నాళ్ళబట్టీ నువ్వు కహాఁ కహాఁ వెల్డింగ్ చేసేవో అన్నీ చెప్పీ. మన వాళ్ళెవరూ ఆ దరిదాపులకి పోకుండా చూస్తాను."

అదండీ సంగతి. నవ్వండి, నవ్వండి. నాకు రాత్రిళ్ళు నిద్దర్లేదు, మీకు నవ్వు.

ఏటి? ఏటలగ అందరూ ఒక్కసారే లేచి నిలబడిపోనారు? చాయ్ ఇంకా అవ్వలేదు గదా! కూర్చోండెహె, బెంచీకేటీ అవ్వదు. నేను కూర్చున్నాను గదా, చూడండి, ఇలగ...

భయ్యా! ఒక చెయ్యి అందియ్యి భయ్యా, లేవలేకపోతన్నాను!