వాగు ఒడ్డు అరుగులో మా అవ్వ రాయి

నన్ను కన్న మా అవ్వ సమాధి మీది రాయిని అడవి పార్కు వాళ్లు పీక్కొచ్చి, ట్రెక్కింగ్‌కు వచ్చినవాళ్లు కూర్చునే అరుగులో పెట్టి సిమెంటు చేశారు. ఎవరినీ అడగలేదు. అడగడానికి అక్కడ మనుషులే లేరు గదా అన్నారు. ఆ మనుషుల్ని లేపింది ఎవరో మాత్రం చెప్పలేదు.

మా ఊరు ఆదిలాబాద్ అడవి లోపల ఉండేది. పులుల కోసమని ఊరిని ఖాళీ చేయించి, రోడ్డు పక్కన ఇళ్లు కట్టించి జనాన్ని అక్కడ కూర్చోబెట్టారు. నేను అప్పటికే మందమర్రి బొగ్గుబాయిలో పని చేసి, అక్కడే ఇల్లు కట్టుకున్నవాణ్ని. నాకు ఇల్లు పోలేదు. అవ్వ దగ్గరికి దారి పోయింది.

మాకొక పద్ధతి ఉంది. ఇంటి ఆడమనిషి చనిపోతే, ఆమె బతికినన్నాళ్లు కారం నూరిన రాయినే తల దగ్గర సగం పూడ్చి పెడతాం. అరిగి గుంటపడిన వైపు పైకి ఉండాలి. ఏటా ఇప్పపువ్వు రాలడం మొదలైతే, తొలి దోసెడు ఆ గుంటలో పోసిన తర్వాతే ఇంట్లో ఎవరైనా నోట పెట్టుకోవాలి. ఊరు లేచిన నాటి నుంచి నేను ఇప్పపువ్వు నోట పెట్టలేదు.

ఆ అడవిలో ట్రెక్కింగ్ మొదలైందని ఈమధ్య పేపర్లో చదివాను. మా ఊరి వాగు దాకా నడిపిస్తారట. నా ఊరికి నేను టూరిస్టునై పోవాలన్నమాట! సరే, అట్లాగే కానీ అనుకున్నాను. వీపు సంచిలో జొన్నరొట్టెలు, నీళ్లసీసా, తువ్వాలలో మూటగట్టిన ఇప్పపువ్వు పెట్టుకుని బస్సెక్కాను.

గేటు దగ్గరి మనిషి నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"తాతా, ఒక్కనికి ట్రెక్ లేదు. గుంపు ఉండాలె."

"ఒక్కణ్ని పోతే పులి తింటదా? గుంపుల పోతే సిగ్గుపడ్తదా?"

"రూల్ గట్ల ఉంది. నేనేం జెయ్య?"

"గా రూల్ పులి రాసిందా?"

పక్కనే ఉన్న కరీంనగర్ కాలేజీ పిల్లలు పకపకా నవ్వారు. వాళ్లలో ఒక అమ్మాయి ముందుకొచ్చి, "అన్నా, తాత మా గుంపే, రాసుకో" అంది. నా వైపు తిరిగి, "నడుస్తవా తాతా? మొయ్యాల్నంటే మాతోని కాదు మల్ల" అంది.

"మీరు కూలబడితే నేనే మోస్త గని, పా బిడ్డా."

గైడు ముందు నడిచాడు. మాట్లాడొద్దని మాకు చెప్పి తాను ఆపకుండా మాట్లాడాడు. మా బాపు గొడ్లను తోలిన బాటకే బాణం గుర్తులు వేసి, దానికేదో పేరు పెట్టి, మాకే చూపిస్తున్నాడు. పళ్లు కొరుక్కుంటూ నడిచాను.

వాగు ఒడ్డున అరుగు కనబడగానే పిల్లలు సంచులు దించి కూర్చున్నారు. ఒకతను అరుగు మీది గుంటలో నీళ్లసీసా నిలబెట్టాడు. గైడు దాన్ని చూపించి గొంతు సవరించుకున్నాడు.

"గీ రాయి జూడుండ్రి. వేల ఏండ్ల కిందటి ఆదిమానవులది. గీ గుంటల గింజలు నూరుకునేటోళ్లు."

అందరూ ఫోన్లు తీశారు. నేను వంగి చేయి పెట్టాను. గుంట ఒక పక్కకే లోతు. అవ్వది ఎడమచేతి వాటం. మూలన పెచ్చు లేచి ఉంది. బాపు దాని మీద గొడ్డలి నూరితే లేచిన పెచ్చు అది. ఆ పూట అవ్వ తిట్టిన తిట్లకు బాపు ఇంట్లో తిండి కూడా తినలేదు.

"గిది మా అవ్వ రాయి" అన్నాను.

గైడు నవ్వాడు. "మీ అవ్వకు వేల ఏండ్లా తాతా?"

"పరాచికాలాడకు. గీ రాయి మీద నూరిన కారం తిని పెరిగినోణ్ని. ఏడికెల్లి తెచ్చిండ్రు దీన్ని?"

నవ్వు ఆగిపోయింది. ఆ అమ్మాయి నీళ్లసీసా తీసేసింది. గైడు తల గోక్కున్నాడు. "అరుగు కట్టేటప్పుడు సాపు రాళ్లు కావాల్నంటే, వాగు అవతల దొరికినయి ఏరుకొచ్చిండ్రంట. నేనప్పుడు లేను."

దొరికినవట! సమాధుల మీద రాళ్లు దొరుకుతాయా?

బాట దిగి వాగులోకి అడుగు వేశాను. అవతలి గడ్డ మీదే అవ్వ ఉంది. గైడు నా సంచి పట్టుకుని వెనక్కి లాగాడు.

"నీ కాల్మొక్త తాతా, దిగకు. నా నౌకరి పోతది. జర సమజ్ చేస్కో."

ఇప్పపువ్వు సంగతి చెబితే, అక్కడే గుంటలో పోయమన్నారు పిల్లలు, మంచి మనసుతోనే. పోయలేదు. రాయి ఇవతల, అవ్వ అవతల. ఎవరికని పోయాలి? సిమెంటుకా? మూట విప్పకుండానే తిరిగొచ్చాను.

అప్పటి నుంచి అడవి పార్కు ఆఫీసు చుట్టూ తిరిగాను. సారు టూర్‌లో ఉన్నాడు, సారు మీటింగ్‌లో ఉన్నాడు. ఇక్కడ నేను బెంచీ మీద కూర్చుంటే, ఎదురుగా టూరిస్టుల జీపులు దుమ్ము లేపుకుంటూ అడవిలోకి పోతున్నాయి. నేను అడిగింది ఒక్కటే. ఆ రాయిని తీసి మా అవ్వ తల దగ్గర పెట్టండి, లేదా నన్ను పెట్టనివ్వండి.

చివరికి సారు దొరికాడు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. అంతా విని, చాలా మెత్తగా అన్నాడు:

"పెద్దాయనా, మీ బాధ నాకు సమజైంది. రేపే అరుగు పగలగొట్టించి రాయి మీకిప్పిస్త, ఇంటికి తీస్కపోండ్రి. వాగు దాటి పెట్టొస్త అంటే మాత్రం పోనియ్యలేను. గా పక్కకు మనుషులు తిరుగొద్దు."