తిరగని ఇంజనుతో కుప్పం నుంచి మదనపల్లెకు

2022 జనవరిలో కుప్పం దగ్గరి ఒక పల్లె నుంచి నాకు ఫోను వచ్చింది. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద నాకు చిన్న వర్క్‌షాపు ఉంది. ముప్పై ఏళ్లుగా ఎక్కువగా పాత జీపులే బాగు చేస్తున్నాను. బండి కదలడం లేదనే ఫోన్లు నాకు కొత్త కాదు. ఈ ఫోను చేసినామె మాత్రం ఇంకో మాట చేర్చింది.

"మస్తాన్ అన్నా, పది దినాల్లో మా నాయన జీపుని ఈడ నుంచి తియ్యాల. లేకుంటే మా అన్న పాత ఇనుముకి వేసేస్తానంటాండాడు."

ఆమె పేరు సరోజమ్మ. యాభై ఏళ్లుంటాయి. అదే ఊళ్లో మెట్టినిల్లు. భార్యాభర్తలిద్దరూ పట్టుపురుగులు పెంచుతారు. వాళ్ల మల్బరీ తోట, పురుగుల షెడ్డు కొండవారన, వాగులాంటి వంకకు అవతల ఉన్నాయి. ఆ దారిన మామూలు బండ్లు ఎక్కవు. ఫోర్ వీల్ డ్రైవ్ కావాలి, అంటే ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందే బండి. అలాంటి జీపు ఆమె తండ్రికి ఉండేది. ఆయనే పెళ్లికి ముందు ఆమెకు తోలడం నేర్పించాడు. ఆయన మంచాన పడ్డాక నాలుగేళ్లు జీపు కొట్టంలోనే నిలిచిపోయింది. ఆయన పోయాక అన్న మునిరత్నం భూమి కాగితాలు తన దగ్గర పెట్టుకుని, చెల్లెలికి జీపు చాలునని ఊళ్లో చెప్పాడు. ఇప్పుడు ఆ కొట్టం కూడా ఖాళీ చేయమంటున్నాడు.

నా పికప్ వ్యాను వేసుకుని వెళ్లాను. జీపు చూడగానే నాకు ఆశ పోయింది. ఫ్లోరు తుప్పుకు జల్లెడైంది. వైరింగు ఎలుకలు కొరికేశాయి. ఇంజను ముందు పుల్లీకి పెద్ద స్పానర్ వేసి బలమంతా పెట్టినా రవ్వంత తిరగలేదు. పిస్టన్లు లోపలే పట్టేశాయి.

"అమ్మా, మీ అన్న చెప్పిందాంట్లో తప్పు లేదు. ఇది ఇనుముకే" అన్నాను.

కొట్టం గుంజకు ఆనుకుని నిలబడ్డ మునిరత్నం నవ్వాడు. "మెకానిక్కే చెప్పె. ఇంగ యాల మొండితనం?"

సరోజమ్మ అన్న వైపు చూడలేదు. "నిన్ను అడిగింది అది కాదన్నా. లాక్కపోతావా, ఇంకొకరిని పిలుసుకోవాల్నా?"

ముప్పై ఏళ్ల అనుభవం ఉందన్న గర్వం నాది. ఆ మాట దాని మీద తగిలింది. పనిలోకి దిగాను.

ఇలాంటి జీపును చక్రాల మీద దూరం లాగాలంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పాలి. గేరుబాక్సు నుంచి ఇరుసులకు బలం తీసుకెళ్లే పొడుగు కడ్డీలవి. అవి ఉంటే చక్రాలతోపాటు లోపలి గేర్లు నూనె సరిగా అందక తిరిగి అరిగిపోతాయి. షాఫ్టులు విప్పాను. కాలి బ్రేకుకు కొత్త నూనె పోసి పనిచేస్తుందని చూసుకున్నాను. తాడుతో కాకుండా ఇనుప టో బార్‌తో జీపును వ్యాను వెనుక బిగించాను. లాగే బండి వెనుక జీపు స్టీరింగు ఒకరు పట్టుకోవాలి. ఎవరు కూర్చుంటారని అడిగేలోపే ఆమె కొంగు నడుముకు దోపి ఎక్కేసింది.

ఉదయం బయలుదేరి, దారిలో రెండుసార్లు ఆగి, మధ్యాహ్నానికి పుంగనూరు దగ్గరికి వచ్చాం. ఊరి ముందు ఎత్తు ఎక్కుతుండగా వ్యాను ఉన్నట్టుండి తేలికైంది. అద్దంలో చూస్తే జీపు వెనక్కి పోతోంది. టో బార్ పిన్ను తెగిపోయింది.

ఆ వెనుక జనంతో నిండిన ఆటో వస్తోంది. సరోజమ్మ కాలి బ్రేకు తొక్కింది. బ్రేకు లోపలి పాత రబ్బర్లు దారిలోనే చిరిగి నూనె కారిపోవడంతో పెడలు అడుగుకు దిగిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగింది. అదీ పట్టలేదు. ఆమె తల వెనక్కి తిప్పి, రెండు చేతులతో స్టీరింగు బలంగా తిప్పి, రోడ్డు పక్కన పైపుల కోసం తవ్విపోసిన మట్టి గుట్టలోకి జీపును ఎక్కించింది. ఆటో పక్కనుంచి దూసుకుపోయింది.

నేను పరుగెత్తి వెళ్లేసరికి ఆమె మోచేతి నుంచి రక్తం కారుతోంది. హ్యాండ్ బ్రేకు ఎందుకు పట్టలేదో నాకు తెలుసు. ఈ పాత జీపుల్లో అది చక్రాలను పట్టదు. గేరుబాక్సు వెనుక షాఫ్టును పట్టి ఆపుతుంది. ఆ షాఫ్టును విప్పింది నేనే. విప్పాక హ్యాండ్ బ్రేకు ఉన్నా లేనట్టేనని ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. పిన్ను అరిగిందో లేదో కూడా చూడలేదు.

జనం మూగారు. అక్కడే పాత ఇనుము కొట్టు ఉంది. దాని యజమాని జీపు చుట్టూ తిరిగి, "ఈడనే దించిపోండమ్మా, ప్రాణం మిగిలింది కదా" అన్నాడు.

"దించేదానికి రాలేదప్పా" అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగింది. "ఏమైంది, సెప్పు."

దాచకుండా అంతా చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఆమె కొంగు తీసి మోచేతికి అదుముకుంది. నన్ను తిట్టి, బండిని అక్కడే వదిలి వెళ్లిపోతుందనుకున్నాను.

"తప్పు నీదే" అంది. "చేయి కట్టించుకోనొస్తా. నువ్వు బ్రేకు, పిన్ను చేసి పెట్టు. ఈసారి నేను ఎక్కేముందు అన్నీ సెప్పు."

పుంగనూరులో కొత్త పిన్ను, బ్రేకు రబ్బర్లు దొరికాయి. టో బార్‌కు గొలుసు కూడా జోడించాను. ఏది పనిచేస్తుందో, ఏది చేయదో ఒక్కొక్కటీ చేత్తో ముట్టుకుని చూపించాను. ఆమె మళ్లీ అదే సీట్లో కూర్చుంది. సాయంత్రానికి మదనపల్లె చేరాం.

డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు విప్పి, ఆ రంధ్రాల గుండా పట్టేసిన పిస్టన్ల మీదికి నూనె, డీజిలు కలిపి పోశాను. పన్నెండు రోజులు నానబెట్టాను. పదమూడో రోజు పుల్లీ వేలెడంత తిరిగింది. ఆ సంగతి ఫోన్లో చెబితే ఆమె మర్నాడే బస్సెక్కి వచ్చింది. అప్పటి నుంచి తీరికైనప్పుడల్లా వచ్చి, ఉప్పుకాగితం పట్టుకుని తుప్పు గీకేది. పక్క షాపులవాళ్లు ఆడమనిషికి ఇదేం పనని నవ్వితే, నవ్వు అయిపోయేదాకా చూసి మళ్లీ గీకేది.

ఒకరోజు మునిరత్నం ఫోను చేశాడు. "నువ్వు ఆలస్యం చేస్తా పో. మా చెల్లెలు విసుక్కొని అదే వదిలేస్తాది."

"పని అయిపోవస్తాండాదప్పా" అని పెట్టేశాను. ఇంకా సగం కూడా కాలేదు. ఆ రాత్రి నుంచి వేరే పనులు ఆపి దాని మీదే కూర్చున్నాను.

ఏప్రిల్‌లో జీపు తన ఇంజనుతో తాను కుప్పం వెళ్లింది. ఆమె తోలింది, నేను పక్కన కూర్చున్నాను. ఊళ్లోకి రాగానే నేరుగా ఆ కొట్టం ముందు నిలిపింది. మునిరత్నం బయటికి వచ్చాడు.

"ఈడ జాగా లేదని సెప్పినా కదా."

"జీపు నిలబెట్టుకునే జాగా నేను అడగడంల్యా" అంది సరోజమ్మ, ఇంజను ఆపకుండానే. "నాయన భూమిలో నా సగం అడగతాండా. కుప్పంలో లాయరుతో మాట్లాడొచ్చినా. కాగితం వస్తాది, సూసుకో."

జవాబు కోసం ఆగలేదు. వంకలో దిగే ముందు ఫోర్ వీల్ వేసి, కొండవారకు ఎక్కించింది. ఆ పూటే పట్టుగూళ్ల బుట్టలు దించుకొచ్చాం. అంతకుముందు నాలుగేళ్లు వాటిని భార్యాభర్తలు నెత్తిన మోశారు. భూమి తగువు రెండేళ్లు నడిచి, ఆమె వాటా ఆమెకు వచ్చింది.

అప్పటి నుంచి ఏ బండిలో ఏది విప్పినా, దాంతోపాటు ఏది పనిచేయకుండా పోతుందో స్టీరింగు పట్టేవాళ్లకు చెప్పనిదే టో బార్ తగిలించను. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. బండిలో ఏం చెడిందో చెప్పడం మెకానిక్ పని. దాన్ని వదులుకోవాలా వద్దా అన్నది బండి గలవాళ్లు తేల్చుకుంటారు. వాళ్లు అడగకుండా 'ఇది ఇనుముకే' అన్న మాట నా నోట మళ్లీ రాలేదు.